మొదటి జ్వరాన్ని ఎవరు రాసుకోవాలి?



ముదినేపల్లి దగ్గర ఒక ఊళ్ళో ఊడ్పులకు వెళ్ళే ఆమెకు ఆదివారం సాయంత్రం చలిజ్వరం వచ్చిందనుకుందాం. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ బిళ్ళ వేసుకుని పడుకుంటుంది. తెల్లారినా తగ్గకపోతే వీధి చివర ఆర్.ఎం.పి. డాక్టరుగారి దగ్గరికి వెళుతుంది. ఆయన ఇంజెక్షన్ చేసి, రెండు రోజులు చూద్దామమ్మా అంటారు. గురువారం దాకా చూసి గుడివాడ వెళుతుంది. ల్యాబులో రక్తం తీసి, వైడాల్ పాజిటివ్, టైఫాయిడ్ అని కాగితం ఇస్తారు. సెలైన్లు ఎక్కుతాయి. వారం దాటాక ఆయాసం మొదలవుతుంది. ఇక విజయవాడ. అక్కడ డాక్టరు తీరిగ్గా ఒళ్ళంతా పరీక్షించి, నడుము దగ్గర చీర కుచ్చిళ్ళ కింద సిగరెట్టుతో కాల్చినట్టున్న నల్లటి మచ్చ చూసి, ఇది స్క్రబ్ టైఫస్ అంటారు. కంటికి ఆనని చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే చవక మందుతో తగ్గిపోయేది. గుర్తించకపోతే ప్రాణం మీదికి తెచ్చేది.

ఈ ఒక్క జ్వరం ఎన్ని చేతులు మారిందో చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు ముదినేపల్లిని ఏలూరు జిల్లాలో చేర్చారు. గుడివాడ కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. పాలనకు గీతలు మారాయి గాని, జబ్బు చేసినప్పుడు మనుషులు నడిచే దారి మారలేదు. ముదినేపల్లి వాళ్ళు తాతల నాటి నుంచి గుడివాడే వెళుతున్నారు. మనిషి ఏలూరు జిల్లా మనిషి, రక్తం తీసింది కృష్ణా జిల్లాలో, జబ్బు పేరు తెలిసింది ఎన్టీఆర్ జిల్లాలో. ఆ పేరు తిరిగి ఊరికి చేరేసరికి ఆమెతో పాటు అదే గట్టు మీద కూర్చుని అన్నం తిన్న మరో ఇద్దరికి జ్వరం వచ్చి ఉంటుంది. వాళ్ళూ ఇదే దారి పడతారు, మొదటి నుంచి.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ జ్వరానికి పేరు దొరికేలోపు గడిచిన పది రోజుల గురించి. జబ్బు సంగతి ముందుగా తెలిసేది ఊరికే. జిల్లాకు తెలిసేది తర్వాత. ఆ రెంటి మధ్య ఎన్ని రోజులు పడుతుందో అదే మన బలం, అదే మన బలహీనత.

ఊళ్ళో జబ్బుల లెక్క రాసే పని మనకు కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో జనన మరణాల రిజిస్టరు గ్రామ మునసబు దగ్గర ఉండేది. ఊళ్ళో కలరా తగిలితే తాలూకా కచేరీకి రిపోర్టు పంపే బాధ్యత ఆయనదే. కలరా, మశూచికం అయితే ఆ పేరు రాసేవారు, మిగతా చావుల్లో చాలా వాటిని 'జ్వరం' అనే ఒక్క గడిలో వేసేవారు. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. రద్దు కావలసినవే. కాని ఊళ్ళో కూర్చుని ఊరి చావుల్ని ఊరి పేరుతో రాసే మనిషి కూడా వాటితో పాటే పోయాడు, చాలాకాలం ఆ చోటు ఖాళీగానే ఉంది.

2004 నవంబరులో కేంద్ర ప్రభుత్వం సమగ్ర వ్యాధి నిఘా పథకం మొదలుపెట్టింది. మూడు ఫారాలు పెట్టారు. ఏ.ఎన్.ఎం. నింపేది ఎస్ ఫారం. జబ్బు పేరుతో ఆమెకు పనిలేదు, లక్షణం చాలు. ఇన్ని రోజుల జ్వరం, జ్వరంతో దద్దుర్లు, నీళ్ళ విరేచనాలు, కామెర్లు. డాక్టరు తన అనుమానం రాసేది పి ఫారం. ల్యాబు తేల్చింది రాసేది ఎల్ ఫారం. వారానికోసారి కాగితాలు జిల్లాకు వెళ్ళేవి. 2018 నవంబరులో దీన్ని ఆన్‌లైన్ చేసి ఏడు రాష్ట్రాల్లో ప్రారంభించారు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ ఏడింటిలో ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో దేశమంతా ఆ పద్ధతిలోకి వచ్చింది. ఇప్పుడు వారం ఆగక్కర్లేదు, ఏ రోజుది ఆ రోజే ఎక్కించవచ్చు. గ్రామ సచివాలయానికో ఏ.ఎన్.ఎం. ఉంది, ఊళ్ళో హెల్త్ క్లినిక్ ఉంది, ఆశా కార్యకర్త ఉంది. ఇన్ని చేతులు మునసబు కాలంలో లేవు. ఈ ఏర్పాటును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

కాని నేను మొదట చెప్పిన ఆమె కథలో ఏ.ఎన్.ఎం. ఎక్కడా కనిపించలేదు, గమనించారా? ఆమె వెళ్ళింది ఆర్.ఎం.పి. దగ్గరికి. ఆ తర్వాత ప్రైవేటు ల్యాబుకి. మూడు ఫారాల్లో ఆర్.ఎం.పి.కి ఏ ఫారమూ లేదు. డెల్టాలో ఏ ఊళ్ళో అడిగినా జ్వరం మొదటి రోజున ఎవరి దగ్గరికి వెళతారంటే చెప్పేది ఆయన పేరే. రాత్రి పదింటికి తలుపు తడితే లేచేది ఆయనే. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో వీళ్ళకు శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్కులుగా గుర్తించే ప్రయత్నం మొదలై, ఆగిపోయింది. వీళ్ళు వైద్యం చేయాలా, ఎంతవరకు చేయాలి అన్నది వేరే చర్చ, అందులోకి నేను వెళ్ళను. వైద్యం సంగతి ఎలా ఉన్నా, ఊళ్ళో మొదటి అయిదు జ్వరాలు చూసే కళ్ళు అవి. ఆ కళ్ళకు మన లెక్కల్లో చోటు లేదు.

2025లో గుంటూరు నగరానికి ఆనుకుని ఉన్న తురకపాలెంలో జరిగింది మనలో చాలామంది పత్రికల్లో చదివాం. కొద్ది నెలల వ్యవధిలో ఒకే ఊళ్ళో ఇరవై మందికి పైగా చనిపోయారు. సెప్టెంబరు నెల వచ్చేసరికి గాని బయటి ప్రపంచానికి తెలియలేదు. అప్పుడు వైద్య బృందాలు దిగాయి, ఇంటింటికీ రక్తపరీక్షలు చేశారు, కొందరిలో మెలియాయిడోసిస్ అనే జబ్బు బయటపడింది. గుంటూరంటే 1946 నుంచి వైద్య కళాశాల ఉన్న ఊరు. పెద్దాసుపత్రి పక్కనే ఉంది, ల్యాబులకు కొదవ లేదు. అయినా నెలలు పట్టింది. ఒక్కొక్కరు ఒక్కో ఆసుపత్రికి వెళితే అక్కడ అది విడి మరణం. ఒకరిది నిమోనియా, ఒకరిది షుగరు ముదరడం, ఒకరిది తగ్గని జ్వరం. వాటినన్నింటినీ ఊరి పేరు మీద ఒక చోట చేర్చి చూసే కాగితం లేదు. ఊరి వాళ్ళకు మాత్రం శ్మశానానికి ఎన్నిసార్లు వెళ్ళారో తెలుసు.

దీనికి పూర్తిగా వేరుగా జరిగింది ఏలూరులో. 2020 డిసెంబరు 5న పిల్లలూ పెద్దలూ ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లో బాధితులు ఆరు వందలు దాటారు. దాదాపు అందరూ ఒకే ప్రభుత్వాసుపత్రికి రావడంతో రోజు తిరగకుండానే విషయం బయటపడింది. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, సి.సి.ఎం.బి., నాగపూర్ నీరీ అన్నీ కదిలాయి. వైరస్ కాదని తేలింది. సీసం మీద, పురుగుమందుల అవశేషాల మీద అనుమానాలు నిలిచాయి. అది అంటువ్యాధి కాకపోయినా పాఠం ఒకటే. జనం ఒక చోటికి వచ్చారు కాబట్టి కనపడింది. అదే ఆరు వందల మంది అరవై క్లినిక్కులకు చెదిరిపోయి ఉంటే ఎన్ని రోజులకు తెలిసేదో ఊహించుకోండి.

తురకపాలెం మాట ఎత్తినప్పుడల్లా నా ఆలోచన మన పొలాల మీదికి పోతుంది. మెలియాయిడోసిస్ క్రిమి బురదలో, వరిచేల నీళ్ళలో బతుకుతుంది. కాలి పగుళ్ళలోంచో, గాయంలోంచో లోపలికి వెళుతుంది. షుగరు వ్యాధి ఉన్నవాళ్ళను ముఖ్యంగా పట్టుకుంటుంది. ఈ జబ్బును మొట్టమొదట వర్ణించింది 1912లో రంగూన్‌లో ఆల్ఫ్రెడ్ విట్మోర్‌తో పాటు సి.ఎస్. కృష్ణస్వామి అనే మనవాడు. నూరేళ్ళు దాటినా ఈ జబ్బు పేరు మన డెల్టా రైతుకు తెలియదు. ఇక ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ఉంది. వరిచేలల్లో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే యానాదుల చేతులూ కాళ్ళూ రోజంతా ఆ నీళ్ళలోనే నానుతుంటాయి. జ్వరం, పిక్కల్లో భరించలేని నొప్పి, కళ్ళు ఎర్రబడటం, ఆపైన కామెర్లు. వాళ్ళలో ఎవరికైనా జ్వరం వస్తే రక్తం ఏ ల్యాబుకు వెళుతుంది? చాలాసార్లు ఏ ల్యాబుకూ వెళ్ళదు.

వెళ్ళినా వైడాల్ పరీక్ష ఎదురవుతుంది. 1896 నాటి పరీక్ష అది. ఒక్కసారి తీసిన రక్తంలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ అని చెప్పడానికి లేదు. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికి, వేసుకున్న టీకాకు, ఇంకేదో జబ్బుకు కూడా పాజిటివ్ రావచ్చు. అయినా మన దగ్గర తగ్గని జ్వరమంటే టైఫాయిడే. మునసబు రిజిస్టరులో 'జ్వరం' అనే గడి ఏ పని చేసిందో ఈ కాలంలో 'టైఫాయిడ్' ఆ పని చేస్తోంది. స్క్రబ్ టైఫస్, లెప్టో, మెలియాయిడోసిస్ మూడూ దాని వెనక దాక్కుంటున్నాయి. వీటిలో కొన్నింటిని తేల్చాలంటే బ్లడ్ కల్చర్ చేయాలి, అంటే రక్తంలో క్రిమిని పెంచి చూడాలి. అందుకు రోజులు పడతాయి, అనుభవం ఉన్న మైక్రోబయాలజిస్టు కావాలి. 2023 సెప్టెంబరులో మచిలీపట్నంలో, ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. మైక్రోబయాలజీ విభాగం లేకుండా వైద్య కళాశాల ఉండదు. ముదినేపల్లి నుంచి రెండూ పూటలో చేరే దూరమే. అయిదు రోజులకు తగ్గని ప్రతి జ్వరానికీ యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే రక్తం తీసి అక్కడికి పంపే ఏర్పాటు పి.హెచ్.సి. నుంచి ఉండాలి. బిల్డింగుకు అయినంత ఖర్చు దీనికి కాదు.

డెంగీ దగ్గర మరో తగువు ఉంది. వర్షాల తర్వాత ఏ వీధికి వెళ్ళినా, మా వీధంతా డెంగీయే, ప్లేట్‌లెట్లు పడిపోయాయి అంటారు. ప్రభుత్వం లెక్క చూస్తే ఇద్దరో ముగ్గురో ఉంటారు. జనం ప్రభుత్వం దాచిపెడుతోందంటారు, అధికారులు ప్రైవేటు వాళ్ళు భయపెడుతున్నారంటారు. సంగతేమిటంటే ప్రైవేటులో చేసేది కార్డు టెస్టు. ప్రభుత్వ లెక్కకు ఎలీసా పరీక్షే ప్రమాణం. జ్వరం వచ్చిన మొదటి అయిదు రోజుల్లో అయితే ఎన్.ఎస్.1, ఆ తర్వాత ఐ.జి.ఎం. కార్డు పాజిటివ్ వచ్చిన వాళ్ళందరి రక్తం ఎలీసాకు వెళ్ళదు గనుక రెండు లెక్కలూ ఎప్పటికీ కలవవు. శాస్త్రం ప్రకారం ప్రభుత్వ పద్ధతి సరైనదే. కాని దోమల మందు కొట్టడానికీ, తొట్లు ఖాళీ చేయించడానికీ ఆ నిర్ధారణ కోసం ఆగడం తప్పు. వీధిలో అయిదు కార్డులు పాజిటివ్ వస్తే చాలు, మనిషి అక్కడికి వెళ్ళాలి. జబ్బు లెక్క వేరు, కదలడానికి కావలసిన సమాచారం వేరు.

బోదకాలు, అంటే ఫైలేరియా గురించి కొంచెం నిలబడి చెప్పాలి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెద్దవాళ్ళకు ఆ కాళ్ళు చూడటం అలవాటైన విషయం. 1955లో దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. రాజమండ్రిలో దీని మీద శిక్షణ, పరిశోధన చేసే కేంద్రం ఉంది. ఈ జబ్బు పురుగులు పగలు లోపలి రక్తనాళాల్లో ఉండి, రాత్రి పొద్దుపోయాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. మురుగు కాలవల్లో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టే వేళకు అవి సిద్ధంగా ఉంటాయి. అందుకని ఆరోగ్య సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర తర్వాత టార్చిలైట్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకునేవారు. పొలం నుంచి వచ్చి అన్నం తిని పడుకున్న మనిషిని లేపి సూది గుచ్చాలి. కొందరు తిట్టేవారు, కొందరు తలుపే తీసేవారు కాదు. పెళ్ళికెదిగిన పిల్ల ఉన్న ఇంట్లో, మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదండీ అని గడప దగ్గరి నుంచే పంపేసేవారు. ఆ తల్లిని తప్పు పట్టలేం. రక్తంలో పురుగు ఉందని ఊళ్ళో తెలిస్తే సంబంధం తప్పిపోతుందన్నది ఆమె భయం. అన్ని రాత్రులు తిరిగిన ఆ సిబ్బందికి మనం పెట్టవలసినంత దణ్ణం పెట్టలేదు. ఇప్పుడు పగలే చేయగల పరీక్ష స్ట్రిప్పులు వచ్చాయి. కాని ఆ తల్లి భయానికి ఏ స్ట్రిప్పూ మందు కాదు.

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇక్కడుంది. జబ్బు సంగతి చెప్పినవాడు నష్టపోతే, రెండోసారి ఎవరూ చెప్పరు.

కోళ్ళ సంగతి చూడండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కోళ్ళు గుట్టలుగా చచ్చాయి. ఆ తర్వాత ఏలూరు జిల్లా ఉంగుటూరు మండలం బాదంపూడి. భోపాల్‌లోని ప్రయోగశాల బర్డ్‌ఫ్లూ అని నిర్ధారించింది. కిలోమీటరు పరిధిలో కోళ్ళను చంపి పూడ్చాలి, పది కిలోమీటర్ల పరిధిలో నిఘా పెట్టాలి, అదీ నిబంధన. చంపించిన కోళ్ళకు పరిహారం ఇస్తారు. చెప్పక ముందే చచ్చిన వాటి నష్టం రైతు నెత్తినే. ఇరుగుపొరుగు షెడ్ల వాళ్ళ కోపం కూడా చెప్పినవాడి మీదే. ఇక ఆ రైతు మొదటి వంద కోళ్ళు చచ్చినప్పుడు ఫోను చేస్తాడా, గుట్టుగా గోతిలో వేస్తాడా? ఆ తర్వాతి నెలలోనే, మార్చి 16న, పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ళ పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పుణె జాతీయ వైరాలజీ సంస్థ అది హెచ్5ఎన్1 అని తేల్చింది. కోడికి వచ్చింది మనిషిదాకా రాదనుకునే ధైర్యం ఇక మనకు లేదు.

రొయ్యల చెరువుల్లోనూ ఇదే వరస. కలిదిండి, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు వైట్‌స్పాట్ జబ్బు అంటే తెలియని రైతు లేడు. 1994 నుంచి అది ఎన్ని కుటుంబాలను అప్పుల్లో ముంచిందో మీకే తెలుసు. మచ్చ కనపడగానే రాత్రికి రాత్రి పట్టుబడి పెట్టి, దొరికిన కౌంటుకు దొరికిన రేటుకు అమ్మి, నీళ్ళు డ్రెయిన్లోకి వదిలేస్తారు. తెల్లారి అదే నీళ్ళు పక్కవాడు తోడుకుంటాడు. 2013 నుంచి జలచరాల జబ్బుల మీద జాతీయ నిఘా కార్యక్రమం నడుస్తోంది. 2023లో ఫోనులో ఫోటోతో సహా చెప్పే యాప్ కూడా తెచ్చారు. యాప్ మంచిదే. నా చెరువుకు జబ్బొచ్చిందని అందులో చెప్పిన రైతుకు ఆ రోజు చేతికి వచ్చేదేమిటి? బీమా ఉందా, మధ్యవర్తి రేటు తగ్గించకుండా కాపాడేవాడున్నాడా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా రైతులకు అవగాహన లేదనడం అన్యాయం. రైతుకు అవగాహన ఉంది గనకే చెప్పడం లేదు.

చెప్పినవాడికి మేలు చేసిన చరిత్ర కూడా మన దగ్గరే ఉంది. మశూచికాన్ని దేశం నుంచి తరిమేసిన చివరి రోజుల్లో, మశూచికం రోగి ఉన్నాడని చూపించిన వాళ్ళకు బహుమతి ఇచ్చారు. వందతో ఆగలేదు, 1975 నాటికి దాన్ని వెయ్యి రూపాయలు చేశారు. ఆనాటి వెయ్యి అంటే ఎంతో ఆలోచించండి. ఆ ఏడే దేశంలో చివరి కేసు. ఇప్పుడు క్షయ రోగిని నమోదు చేసిన ప్రైవేటు డాక్టరుకు 500 రూపాయలు ఇస్తున్నారు. పోలియో నిఘాలో అయితే ఇంకో గొప్ప అలవాటు పెట్టారు. కాలు చచ్చుబడిన పిల్లలు ఈ వారం ఎవరూ రాకపోతే సున్నా అని రాసి పంపాలి. ఖాళీగా వదిలితే ఎవరూ రాలేదో, ఎవరూ చూడలేదో తెలియదు. 2011 జనవరి 13 తర్వాత మన దేశంలో సహజ వైరస్ వల్ల వచ్చే పోలియో కేసు లేదంటే ఆ సున్నాలు రాసిన చేతులకు అందులో వాటా ఉంది.

అందుకే ఆర్.ఎం.పి. డాక్టర్లను వాళ్ళ సర్టిఫికెట్టు సంగతి అడగకుండా ఈ లెక్కలోకి తీసుకోవాలి. చెప్పినందుకు కేసు పెట్టబోమని కలెక్టరుగారు కాగితం మీద హామీ ఇవ్వాలి. ఉపయోగపడే సమాచారానికి ఎంతోకొంత డబ్బు ఇవ్వాలి. గుడివాడలోనో విజయవాడలోనో తేలిన జబ్బు, రోగి ఇంటి చిరునామా ఉన్న పి.హెచ్.సి.కి మర్నాటికల్లా చేరాలి, ఏ జిల్లా అన్నదానితో నిమిత్తం లేకుండా. ఒకే ఊళ్ళో నెలలోపు ఇద్దరు నడివయసు వాళ్ళు జ్వరంతో చనిపోతే పంచాయతీ కార్యదర్శి మరణ ధ్రువీకరణ పత్రం రాసే రోజునే డాక్టరుకు ఫోను చేయాలి. ఊరు పంపిన సమాచారం ఏమైందో ఊరికి తిరిగి చెప్పాలి. నాలుగుసార్లు చెప్పి నాలుగుసార్లూ జవాబు రాకపోతే ఏ ఆశా కార్యకర్త అయిదోసారి చెబుతుంది?

ఇవి జరిగేదాకా ఆగక్కర్లేని పని ఒకటి ఉంది. ఆర్.ఎం.పి. డాక్టరుగార్లు ఎవరైనా ఈ మాటలు వింటుంటే, దయచేసి ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, వయసు, ఆడా మగా, ఏ వీధి, ఎన్నో రోజు జ్వరం, విరేచనాలున్నాయా, ఒంటి మీద నల్లమచ్చ ఉందా. పేరు అక్కర్లేదు. ఎవరూ రాని రోజున సున్నా వేయండి. శనివారం ఆ పేజీ ఫోటో తీసి మీ ఊరి ఏ.ఎన్.ఎం.కు పంపండి. ఏ.ఎన్.ఎం. అమ్మాయిలకు నా మనవి, అది ఫారంలో పట్టదని పక్కన పెట్టకండి, మీ మెడికల్ ఆఫీసరుకు చూపించండి. జూన్‌లో బ్యారేజీ నుంచి కాలవలకు నీళ్ళొదిలాక మన మంచినీళ్ళ చెరువులు నింపుతారు. విరేచనాలు మొదలయ్యేది సాధారణంగా అప్పుడే. నోటుబుక్కు ఆ వారానికి ముందే మొదలైతే, ఏ రోజు నుంచి అంకె పెరిగిందో, ఏ చెరువు నీళ్ళు తాగే వీధిలో పెరిగిందో ఆ పేజీలోనే కనపడుతుంది.